రూల్సన్నీ వచ్చు, ఎందుకో మాత్రం రాదు

మాది ఎద్దుల ఇల్లు. ప్రకాశం జిల్లాలో మా తాతయ్య ఒంగోలు గిత్తల జతను మేపి, సంక్రాంతికీ శివరాత్రికీ జరిగే బండలాగుడు పోటీలకు తోలుకెళ్ళేవాడు. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని జతల్ని విడదీస్తారనీ, ఇచ్చిన సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపనీ నాకు అక్షరాలు రాకముందే తెలుసు. పశువు నోరు తెరిచి వయసు చెప్పేవాళ్ళ మధ్య పెరిగాను. కాబట్టి మినెసోటాలో స్థిరపడ్డ చాలా ఏళ్ళకు మా అమ్మాయి "నాన్నా, నేను లామాను పోటీకి తీసుకెళ్తాను" అన్నప్పుడు, ఇందులో నాకు తెలియనిది ఏముంటుందిలే అనుకున్నాను. నా తప్పులన్నీ అక్కడే మొదలయ్యాయి.

లామా ఒంటె కుటుంబంలోది, మూపురం మాత్రం ఉండదు. ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళుగా మనుషుల సామాను మోస్తోంది. పెరిగిన లామా 150 కిలోలు సులువుగా తూగుతుంది గానీ పెద్ద మనిషిని వీపు మీద ఎక్కించుకోలేదు. తన బరువులో పావు వంతుకు కాస్త అటూ ఇటూగా మోస్తుంది, అంతకు మించి వేస్తే కాళ్ళు మడుచుకుని కూర్చుంటుంది. ఆ కూర్చోవడాన్ని లామా పెంపకందార్లు 'కుష్' అంటారు. అమెరికాలో దీన్ని ఉన్ని కోసం, గొర్రెల మందకు కాపలా కోసం, కొండదారుల్లో సామాను కోసం పెంచుతారు. పోటీల కోసం పెంచేవాళ్ళూ ఉన్నారు.

నగర శివారు కాలనీలో, గ్యారేజీ పక్కన లామాను కట్టేయడం కుదరదు. ఆ సమస్యను ఫోర్-హెచ్ తీర్చింది. వందేళ్ళు దాటిన ఈ పిల్లల సంస్థను ప్రతి రాష్ట్రంలోనూ విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు నడుపుతాయి. మా దగ్గర అది మినెసోటా విశ్వవిద్యాలయం పని. పొలం లేని పిల్లలు లామాలు పెంచే ఫారం నుంచి ఒకదాన్ని సీజనుకు లీజుకు తీసుకోవచ్చు. జంతువు ఫారంలోనే ఉంటుంది, పిల్లలు వెళ్ళి పెంట ఎత్తాలి, బొచ్చు దువ్వాలి, నడిపించి నేర్పించాలి. మా అమ్మాయికి బిస్కట్ అనే విత్తులు తీసిన మగ లామా దొరికింది. గోధుమరంగు ఒళ్ళు, పొడుగాటి చెవులు, ఎవర్నైనా పైనుంచి కిందికి చూసే చూపు.

నేను రూల్ పుస్తకాల మీద పడ్డాను. అల్పాకా లామా షో అసోసియేషన్ వాళ్ళవి, ఇంటర్నేషనల్ లామా రిజిస్ట్రీ షో విభాగానివి, మా కౌంటీ ఫోర్-హెచ్ కాగితాలు, అన్నీ ప్రింటు తీశాను. పోటీలు ముఖ్యంగా మూడు రకాలు. హాల్టర్ క్లాసులో జడ్జి చూసేది జంతువును: కాళ్ళు తిన్నగా ఉన్నాయా, వీపు సమంగా ఉందా, కింది పళ్ళు పై చిగురుకు సరిగ్గా ఆనుతున్నాయా, నడక ఎలా ఉంది, ఉన్ని ఎలా ఉంది. వయసును, ఆడా మగా అన్నదాన్ని, ఉన్ని తీరును బట్టి విభాగాలుంటాయి. పర్ఫార్మెన్స్ క్లాసుల్లో చూసేది జంతువు, మనిషి కలిసి చేసే పని. వంతెన ఎక్కడం, కర్ర దూకడం, వేలాడే రిబ్బన్ల కింద నుంచి వెళ్ళడం, ఇరుకు దారిలో వెనక్కి నడవడం, కాలు ఎత్తి చూపించడం వీటిలో ఉంటాయి. సామాను మూటతో అడవిదారిలో నడిచినట్టు నడిచే ప్యాక్ క్లాసు ఒకటి. ఆసుపత్రికో బడికో తీసుకెళ్తే ఎలా మెలుగుతుందో చూసే పబ్లిక్ రిలేషన్స్ క్లాసు మరొకటి. మూడో రకం షోమన్‌షిప్. ఇందులో జంతువు అందంతో పని లేదు, మార్కులన్నీ పిల్లకే. ఎలా నడిపిస్తోంది, ఎలా నిలబెడుతోంది, అడిగిన ప్రశ్నలకు ఏం చెబుతోంది అన్నదే లెక్క. కొన్నిసార్లు జడ్జి, పక్కవాళ్ళ లామాను పట్టుకోమని తాళ్ళు మార్పిస్తాడు కూడా.

ఇవన్నీ ఎక్సెల్ షీటులో ఎక్కించాను. మొదటి గడిలో రూలు, రెండో గడిలో తప్పితే ఎన్ని మార్కులు పోతాయో. ఎంసెట్‌కు చదివిన చెయ్యి కదా, ప్రశ్నల నిధి కూడా తయారైంది. ఫారానికి వెళ్ళే దారంతా కారులో వల్లె వేయించేవాణ్ణి. "మిగిలిన తాడు ఎలా పట్టుకోవాలి?" "మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు." "జడ్జి అటు వస్తే నువ్వెక్కడ ఉండాలి?" "జడ్జికీ లామాకూ అడ్డం రాకూడదు." "ముందు నడిచే లామాకు ఎంత ఎడం?" "కనీసం ఒక లామా నిడివి." పిల్ల తడుముకోకుండా చెప్పేది. అంతే చాలనుకున్నాను.

జులైలో కౌంటీ ఫెయిర్ వచ్చింది. మన తిరునాళ్ళలాంటిదే, దేవుడు ఉండడు గానీ జెయింట్ వీలు, మొక్కజొన్న కంకులు, పశువుల పాకలు ఉంటాయి. షోమన్‌షిప్‌లో మా అమ్మాయి బాగానే నడిపించింది. జడ్జి దగ్గరికొచ్చి, తాడు చేతికి ఎందుకు చుట్టుకోకూడదని అడిగింది. మా అమ్మాయి "రూల్ కాబట్టి" అంది. "సరే, ఆ రూల్ ఎందుకు పెట్టారు?" పిల్ల నోట మాట లేదు. కంచె దగ్గర నిలబడ్డ నావైపు చూసింది. నేను ఆగలేకపోయాను. ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధైర్యంతో తెలుగులో, "చెయ్యి ఇరుక్కుపోతుందమ్మా, ఈడ్చుకుపోతుంది" అని గట్టిగానే అందించాను. బిస్కట్ రెండు చెవులూ వెనక్కి వాల్చి నావైపు తల తిప్పింది. మా అమ్మాయి నేను చెప్పింది అనువదించింది.

క్లాసయ్యాక జడ్జి నా దగ్గరికొచ్చి నవ్వుతూనే అంది: "జవాబు ఏ భాషలో చెప్పినా కంచె బయటి నుంచే వచ్చింది కదా." 

మా అమ్మాయికి ఎర్ర రిబ్బను ఇచ్చారు. నీలం రిబ్బన్లు చాలామంది పిల్లల చేతుల్లో కనిపించేసరికి, ఇంతమందికి ఫస్టు ఎలా వచ్చిందని పక్కన ఉన్నాయన్ని అడిగి మరోసారి నవ్వులపాలయ్యాను. ఫోర్-హెచ్‌లో చాలాచోట్ల పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చరు, ఒక ప్రమాణంతో పోలుస్తారు. దాన్ని అందుకున్న ప్రతి ఒక్కరికీ నీలం, కొంత తగ్గితే ఎరుపు, ఇంకా చాలా నేర్చుకోవాల్సి ఉంటే తెలుపు. డానిష్ పద్ధతి అంటారు. ర్యాంకుల దేశం నుంచి వచ్చిన నాకు ఇది పోటీలాగే అనిపించలేదు. ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను: మా అమ్మాయి ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు, నేను నేర్పనిదాని దగ్గర ఆగిపోయింది. నా షీటులో 'ఏమిటి' ఉంది, 'ఎంత' ఉంది, 'ఎందుకు' లేదు.

తమాషా ఏమిటంటే, తాడు సంగతి మా తాతయ్య నాకు చిన్నప్పుడే చెప్పాడు. పగ్గం చేతికి చుట్టుకున్న పాలేరును గిత్త ఈడ్చుకుపోయిన కథతో సహా చెప్పాడు. ఆ కథ లేకుండా రూలు ఒక్కటే పిల్లకు అందించింది నేను.

ఆ రాత్రి షీటులో మూడో గడి చేర్చాను. దాన్ని నింపుదామని కూర్చుంటే సగానికి పైగా ఖాళీగా మిగిలింది. నింపడానికి ఫారం నడిపే ఆవిడ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఆమె ఒక్కో గడికీ నేను అప్పటిదాకా చేసిన ఒక్కో పొరపాటు ఎత్తి చూపించింది.

మొదటిది హాల్టర్. ముఖానికి తొడిగే పట్టీల అల్లిక అది, దానికే తాడు తగిలిస్తారు. మన గిత్తలకు ముక్కు కుట్టి ముకుతాడు వేస్తాం, ఆ నొప్పి చూసి పెరిగినవాణ్ణి కాబట్టి బిస్కట్ మీద కనికరం కొద్దీ తల వెనక పట్టీ వదులు చేసేవాణ్ణి. బిగించమని పుస్తకంలో ఉన్నా నా మంచితనం ఒప్పుకోలేదు. లామా ముక్కు ఎముక చాలా పొట్టిది. కళ్ళ కింద కొంత దూరం వరకే ఎముక, ఆ తర్వాత మెత్తటి మృదులాస్థి. పైగా లామా గాలి పీల్చుకునేది ముఖ్యంగా ముక్కుతోనే. వెనక పట్టీ వదులైతే ముక్కు పట్టీ జారి ఎముక దాటి మెత్తటి చోటికి వస్తుంది. అప్పుడు తాడు కొంచెం బిగిసినా ఊపిరి అడ్డుకున్నట్టే. బిస్కట్ తల విదిలించడం, వెనక్కి గుంజడం చూసి పొగరుబోతు అని పేరు పెట్టాను. అది పాపం గాలి కోసం చేసిన గోల. వెనక పట్టీ చెవుల వెనక బిగువుగా, ముక్కు పట్టీ కళ్ళకు దగ్గరగా, నమలడానికి మాత్రం లోపల జాగాతో ఉండాలి. మార్టీ మెక్‌గీ బెన్నెట్ అనే శిక్షకురాలు లామా, అల్పాకా పెంపకందార్లకు ఏళ్ళ తరబడి నొక్కి చెబుతున్న మొదటి పాఠం ఇదేనట. పట్టీ పైకి జరిపి బిగించిన పూటే బిస్కట్ తల విదిలించడం మానేసింది.

రెండోది తాడు వదులు. పర్ఫార్మెన్స్ క్లాసుల్లో తాడు బిగిస్తే మార్కు పోతుంది. దీన్ని నేను అందం కోసం పెట్టిన షోకు అనుకున్నాను. బండలాగుడులో అదిలింపులు, చెర్నాకోల చప్పుళ్ళు, జనం కేకలు వినపడకపోతే మాకు పోటీ అనిపించదు. వంతెన దగ్గర బిస్కట్ ఆగితే ఫారంలో నేనే తాడు పుచ్చుకుని గుంజేవాణ్ణి. అది కుష్ చేసి కూర్చునేది. నేను ఇంకా గుంజేవాణ్ణి. "నువ్వు లాగితే అది నీతో లాగుడు పందెం ఆడుతుంది. వదిలితే వంతెన గురించి ఆలోచిస్తుంది" అంది ఆవిడ. లామా వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కొత్త నేల మీద కాలు పెట్టే ముందు చూసుకోవాలి, వాసన పట్టాలి. ఒక్క అడుగు ముందుకు వేయగానే తాడు పూర్తిగా సడలిస్తే, నడిస్తే ఒత్తిడి పోతుందన్న సంగతి దానికి తెలుస్తుంది. తాడు వదులుగా ఉందా అని జడ్జి చూసేది పోటీ రోజు నడకను కాదు, వెనక నెలల తరబడి ఫారంలో ఏం జరిగిందో. నా గుంజుళ్ళన్నీ మా అమ్మాయి పట్టుకున్న తాడులో కనిపించాయన్నమాట.

ఎడం పాటించడం గురించిన రూలుకు కారణం ఊహించగలిగాను. లామాలు ఉమ్ముతాయి. మనుషుల మీద అరుదు, ఒకదాని మీద ఒకటి తిండి దగ్గరా పెత్తనం కోసమూ ఉమ్ముకుంటాయి. అసలు కోపం వస్తే కడుపులోంచి ఆకుపచ్చ రసం తెచ్చి మరీ ఉమ్ముతాయి. వెనక లామా ముక్కు ముందు లామా తోకకు తగిలితే గొడవ మొదలైనట్టే.

పోటీ జరిగే రింగులో పెంట వేస్తే మార్కులు పోవడం నాకు అన్యాయంగా తోచింది. జంతువుకు ఏం తెలుసు అని వాదించాను. లామాకు తెలుసు. మందంతా ఒకే చోట వేస్తుంది, దానికి నియమిత స్థలం ఉంటుంది. అనుభవం ఉన్న పిల్లలు ఫారం నుంచి కొంచెం పెంట సంచిలో తెచ్చి ఫెయిర్ పాకలో ఒక మూల పోస్తారు. లామా వాసన చూసి, ఇదే చోటు అని పని కానిచ్చుకుంటుంది. రింగులోకి వెళ్ళే ముందు అక్కడికి తిప్పి తీసుకొస్తే సరిపోతుంది. మేం సంచి తేలేదు, మాకు రింగే ఆ చోటయింది.

ఎండ సంగతి చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. ఫెయిర్ రోజు ఉక్కపోత. బిస్కట్ ముక్కుపుటాలు ఎగరేస్తుంటే, గేదెను కడిగినట్టు వీపు మీద బకెట్లతో నీళ్ళు గుమ్మరించాను. ఎంతో మేలు చేశానని పొంగిపోయాను. లామా ఒంట్లో వేడి బయటికి పోయేది బొచ్చు పల్చగా ఉండే పొట్ట కింద నుంచి, తొడల లోపలి నుంచి. వీపు మీద దట్టమైన ఉన్ని తడిస్తే తడి దుప్పటి కప్పినట్టే, వేడి లోపలే చిక్కుకుంటుంది. నీళ్ళు పట్టాల్సింది పొట్టకూ కాళ్ళకూ. లామా పెంపకందార్లకో లెక్క ఉంది: ఫారన్‌హీట్ ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతం కలపాలి. 120 లోపు బెంగ లేదు, 150 దాటితే జాగ్రత్త, 180 దాటితే ప్రమాదం. 90 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉంటే 160 అన్నమాట. వసంతంలో ఉన్ని కత్తిరించడం, పాకలో ఫ్యాన్లు పెట్టడం, ఎండెక్కితే క్లాసులు పొద్దున్నే పూర్తి చేయడం ఆ లెక్క కోసమే. ఫారం ఆవిడ పరుగున వచ్చి నా చేతిలోంచి బకెట్ లాక్కున్నప్పుడు నాకు కోపం వచ్చింది. లెక్క తెలిశాక నా మీద నాకే వచ్చింది.

వేషాల పోటీ కథ వేరు. మినెసోటా స్టేట్ ఫెయిర్‌లో ఫోర్-హెచ్ పిల్లల లామా వేషాలకు జనం విరగబడతారు. ఆ ఊపులో మా కౌంటీలో బిస్కట్‌కు గంగిరెద్దు వేషం కడదామన్నాను. మా ఆవిడ పాత పట్టుచీరలు కుట్టి అద్దాల బొంత తయారు చేసింది, మా అమ్మాయి తలపాగా చుట్టి సన్నాయి పట్టుకుంది. బొంతను వారాల ముందు నుంచే కొంచెం కొంచెంగా కప్పి అలవాటు చేసింది పిల్ల. పోటీ పొద్దున నేను మా ఊరి నుంచి తెప్పించిన మువ్వల పట్టెడ తీసి, గంగిరెద్దుకు మువ్వలు లేకపోతే ఎట్లా అని మెళ్ళో కట్టాను. "నాన్నా, అది ఎప్పుడూ వినలేదు కదా" అంది. "ఏం కాదులే" అన్నాను. నాలుగడుగులు వేశాక ఘల్లుమంది. ఆ చప్పుడు నుంచి పారిపోదామంటే అది వెంటే వస్తోంది. బిస్కట్ మెడ నిక్కించి, ప్రమాదం వచ్చినప్పుడు లామాలు పెట్టే కేక పెట్టింది. పాకలోని లామాలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. కొత్త వస్తువేదైనా జంతువుకు ఇంటి దగ్గరే అలవాటు చేయాలనే మాట నా షీటులో పన్నెండో వరుసలో రాసి ఉంది. రాసింది నేనే.

ముద్దు చేయడం గురించీ ఒక వరుస ఉంది. లామా ముఖం నిమరడం నాకు ప్రేమ, దానికి చిరాకు. అవి ఒకదాన్నొకటి పలకరించుకునేది ముక్కుల దగ్గర వాసన చూసుకుని. మగ పిల్లను తల్లి దగ్గర, మంద దగ్గర పెరగనివ్వకుండా మనిషి సీసాపాలతో పెంచితే, పెద్దయ్యాక అది మనుషుల్ని తోటి మగ లామాలుగా భావించి మీదికి వస్తుంది. అలాంటి లామాను లొంగదీయడం చాలా కష్టం. అందుకే చిన్న పిల్లను ఎత్తుకుని ఫొటోలు దిగడానికి ఫారం ఆవిడ నన్ను ఒప్పుకోలేదు. ఫేస్‌బుక్ కోసం నేను అలిగిన రోజు అది.

వెన్ను పురుగు ప్రశ్న మాత్రం మా అమ్మాయి తనంతట తనే నింపింది. మా ప్రాంతంలో తెల్లతోక జింకలు ఎక్కువ. వాటిలో ఉండే ఒక పురుగు నత్తల ద్వారా లామాలకు సోకి, వెన్నుపామును దెబ్బతీస్తుంది. వెనక కాళ్ళు తూలుతాయి. జింకలు తిరిగే తడి చోట్ల మేపకూడదని, పశువైద్యుడు చెప్పిన వేళకు మందు వేయించాలని రూలు. పక్క ఫారంలో అలా కాళ్ళు పోయిన లామాను చూసి వచ్చింది కాబట్టి ఈ ఒక్క గడిని బట్టీ పట్టాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

చివరికి ఒక రూలు దగ్గర ఆగాను: రింగు బయటి నుంచి ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఇది న్యాయం కోసం, అంతే కదా, లామాకు దీనితో ఏం సంబంధం అని రాద్దామనుకున్నాను. మా అమ్మాయి గుర్తు చేసింది. నేను తెలుగులో అందించినప్పుడు బిస్కట్ చెవులు వెనక్కి వాల్చి నావైపు తిరిగింది కదా. చెవులు వాల్చడం అసంతృప్తి. అది విన్నది ఎవరి గొంతు? వంతెన దగ్గర తాడు గుంజినవాడి గొంతు. తనను నడిపించేది ఒకరు, మాట ఇంకొకరిది అయితే జంతువు ఎవర్ని అనుసరించాలో తేల్చుకోలేక నిలబడిపోతుంది. ఆ గడిలో మా అమ్మాయి ఇంగ్లీషులో రెండే మాటలు టైపు చేసింది: రెండు గొంతులు.

తరువాతి సీజనులో నేను కంచె దగ్గర నిలబడలేదు. అడ్డంకులు సర్దే వాలంటీరుగా పేరిచ్చాను. కర్రలు పడితే ఎత్తిపెట్టడం, వంతెన మీద ఇసుక ఊడవడం నా పని, నోరు విప్పడం కాదు. వంగి కర్ర ఎత్తుతుంటే పిల్లల చేతులు, లామాల పాదాలు దగ్గరగా కనిపిస్తాయి. తాడు ఎక్కడ బిగుస్తుందో, లామా ఎక్కడ ఆలోచిస్తుందో అక్కడినుంచే పట్టుకోవడం నేర్చుకున్నాను. మా అమ్మాయికి ఆ ఏడు షోమన్‌షిప్‌లో నీలం వచ్చింది, వంతెన దగ్గర బిస్కట్ మూడుసార్లు మొరాయించింది. రెండూ సబబే అనిపించాయి.

ఇప్పుడు మా క్లబ్బులో కొత్తగా చేరిన తెలుగు తల్లిదండ్రులు నా షీటు అడుగుతున్నారు. పంపుతాను గానీ మూడో గడి చెరిపేసి పంపుతాను. మొన్న విజయవాడ వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆ 'ఎందుకు' కూడా నింపి పంపొచ్చుగా, మావాడికి టైమ్ కలిసొస్తుంది" అన్నాడు. "శనివారం మీవాణ్ణి ఫారానికి తీసుకురా తమ్ముడూ, వాడే నింపుకుంటాడు" అన్నాను. "నువ్వు మాత్రం కారులో కూర్చో."